ముందు గుఱి: లీవరు తుపాకికి తగిన దాని నెంచుకొను విధము

కిటికీ యెదుట నిలిచి, ఇనుప ఊచ నొకదానిని తేఱిపాఱ జూడుడు. వీథి కావల నున్న వేపచెట్టు మసకబాఱును. చూపును చెట్టు మీదికి మరల్చినచో ఆకులు తేటగా గనబడును గాని, ఊచ యంచులు కరగిపోయినట్లుండును. రెండును ఒక్కమాఱే తేటగా గనబడవలయునని యెంత పట్టుబట్టినను కన్ను వినదు. దగ్గఱి వస్తువు, దూరపు వస్తువు, ఈ రెంటిలో అది యొక్కదానినే యెన్నుకొనును. తుపాకితో లక్ష్యమును గొట్టు విద్య యంతయు ఈ చిన్న సత్యము మీదనే నిలిచియున్నది. గొట్టపు కొనయందుండు చిన్న లోహపు ముక్కయే ఆ కిటికీ ఊచ. దూరమున నున్న లక్ష్యమే ఆ వేపచెట్టు. ఆ లోహపు ముక్కను ముందు గుఱి యందురు. ఫ్రంటు సైటని దాని ఇంగ్లీషు పేరు. అది యెట్టిదై యుండవలయునో ఈ నెల మా సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఇంటిపనులలో మునిగియుండు మాకు తుపాకి గొడవ యేలయని కొందఱు నవ్వవచ్చును. మేము చెప్పబోవునది వేట కాదు, యుద్ధము కాదు. కాగితము మీది నల్లని చుక్కను, ఇనుప బొమ్మను గొట్టు క్రీడ. అమెరికాలో ఈ క్రీడకు ప్రత్యేకమైన మైదానములు గలవు. స్త్రీలును పురుషులును పక్కపక్కన నిలిచి యాడుదురు. అచట స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఇట్టి మైదానములు అపరిచితములు కావు. ఇందు కండబలమునకంటె కంటి నిలుకడ, ఊపిరి నిలుకడ, మనస్సు నిలుకడ ముఖ్యములు. ముగ్గుపిండి చిటికెతో తిన్నని గీత తీయగల చేతికి ఈ గుణములు క్రొత్తవి కావు.

వేఱొక కారణమును గలదు. గుఱి తప్పినపుడు తప్పు చేతిదా, కంటిదా, పనిముట్టుదా యని తెలిసికొనలేక, "మా వల్ల గాదు" అని విద్యనే వదలివేయువారు పలువురు. అందునను నలువది యేండ్లు దాటిన స్త్రీలు ముందుగా తమ్మునే నిందించుకొందురు. పనిముట్టు గుణదోషములు తెలిసినవారికి ఈ నిరాశ యుండదు.

లీవరు తుపాకి యనగానేమి?

ట్రిగ్గరు చుట్టు నుండు ఇనుప కమ్మియే ఈ తుపాకికి మీట. వ్రేళ్ళు దానిలో దూర్చి క్రిందికిని ముందుకును త్రోసినచో, కాలిన తూటా గుల్ల బయటికి ఎగిరిపడును. మఱల పైకి లాగినచో, గొట్టము క్రింద నున్న నాళికలోనుండి క్రొత్త తూటా వచ్చి తన స్థానమున గూర్చుండును. కొట్టు సుత్తియు ఎక్కుపెట్టబడును. ఈ మీటనే లీవరందురు. 1860లో బెంజమిను టైలరు హెన్రీ యనువానికి ఇట్టి తుపాకి మీద పేటెంటు లభించినది. పిమ్మట వించెస్టరు కంపెనీవారి 1873 నాటి తుపాకి ప్రసిద్ధి కెక్కెను. జాను బ్రౌనింగను ప్రజ్ఞావంతుడు కల్పించిన 1892, 1894 నాటి నమూనాలును, మార్లిను కంపెనీవారి తుపాకులును నేటికిని మైదానములలో గనబడుచున్నవి.

దూరదర్శినిని బిగించు తుపాకులు నేడు లెక్కకు మిక్కిలిగా నుండగా, ఈ పాతకాలపు తుపాకిని ఇంకను ఆదరించుటకు కారణము దాని యందలి పాతదనమే. ఉట్టి కంటితో, రెండు లోహపు ముక్కల సాయమున మాత్రమే లక్ష్యమును గొట్టుట యొక ముచ్చట. 1980ల దశకపు తొలి యేండ్లలో కాలిఫోర్నియాలో మొదలైన కౌబాయి పోటీలలో స్త్రీపురుషులు పందొమ్మిదవ శతాబ్దపు వేషములు ధరించి, మాఱుపేరులు పెట్టుకొని వత్తురు. నిలువు గౌనులు తొడిగి, టోపీలు పెట్టి, లీవరు తుపాకి చేతబట్టి వరుసలో నిలుచు స్త్రీలను ఆ పోటీలలో జూడవచ్చును. ఇనుప బొమ్మలను గొట్టు పోటీ మెక్సికో దేశమున బుట్టినది. కోడి, పంది, టర్కీకోడి, పొట్టేలు, ఈ నాలుగింటి ఆకారములలో కోసిన ఇనుప పలకలను వేఱువేఱు దూరములలో నిలిపి, వానిని పడగొట్టవలయును. లీవరు తుపాకులకు ప్రత్యేకముగా నేర్పడిన యీ పోటీలో దూరదర్శినికి చోటు లేదు. కావున అందు గెలుపోటములు చాలవఱకు గుఱి ముక్కల యెంపికపై నాధారపడును.

ఇరువురు నారీమణులు

ఈ విద్యలో స్త్రీల పేరు చెప్పవలసి వచ్చినపుడు అన్నీ ఓక్లీని తలపకుండరాదు. ఆమె 1860లో ఒహైయో రాష్ట్రమున బీదకుటుంబమున జన్మించెను. ఆఱవ యేట తండ్రి గతించెను. పసితనముననే తుపాకి పట్టి, అడవి పిట్టలను, కుందేళ్ళను గొట్టి విక్రయించి, తల్లికిని తోబుట్టువులకును అన్నము పెట్టెను. ఆ సంపాదనతోనే తల్లి పొలము మీది తాకట్టును దీర్చెను. 1885లో బఫలో బిల్లు ప్రదర్శనశాలలో చేరి, దేశదేశములు దిరిగి, 1887లో లండను నగరమున విక్టోరియా రాణి యెదుట తన నేర్పును జూపెను. అద్దములో ప్రతిబింబమును జూచుచు, తుపాకిని భుజము మీద వెనుకకు ద్రిప్పి గుఱిగొట్టుట ఆమె ప్రదర్శనలలో నొకటి. స్త్రీలు తుపాకి నేర్వవలయునని ఆమె జీవితాంతము చెప్పుచు, వేలమందికి స్వయముగా నేర్పెను. 1926లో మరణించెను.

రెండవ యామె మార్గరెటు మర్డాకు. 1976లో మాంట్రియలు ఒలింపికు క్రీడలలో 50 మీటర్ల రైఫిలు పోటీ స్త్రీపురుషుల కందఱకును ఒక్కటియే. అందు ఆమెయు, ఆమె దేశీయుడే యైన లానీ బాషమును సమానమైన లెక్కతో నిలిచిరి. నిబంధనల ననుసరించి స్వర్ణము అతనికి, రజతము ఆమెకు లభించెను. జాతీయగీతము పాడు వేళ బాషము ఆమెను తన మెట్టు మీదికి చేయిపట్టి యెక్కించుకొనెను. ఆమె తుపాకి లీవరుది కాదు. కాని ముందు గుఱి నియమము అన్ని తుపాకులకును ఒక్కటియే. మన హైదరాబాదు వాస్తవ్యుడగు గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపికులందు 10 మీటర్ల గాలి రైఫిలుతో కాంస్యము గెలిచినపుడును, రాజస్థాను బిడ్డ అవనీ లేఖరా చక్రముల కుర్చీనుండి తుపాకి పట్టి టోక్యో, పారిసు పారాలింపికులు రెంటను స్వర్ణములు గెలిచినపుడును వారి కంటి యెదుట నున్నది ఒక చిన్న వలయపు ముందు గుఱియే.

చూపు ఎచట నిలుపవలయును?

తుపాకికి గుఱి ముక్కలు రెండు. వెనుకటిది కంటికి దగ్గఱగా నుండును. అది యొక గాడియైనను కావచ్చును, సన్నని రంధ్రమైనను కావచ్చును. ముందుది గొట్టపు కొన మీద నుండును. వెనుక గుఱి, ముందు గుఱి, లక్ష్యము, ఈ మూడును ఒక్క వరుసలోనికి రావలయును. అయితే కన్ను మూడింటిని తేటగా జూడజాలదు. అందుచేత చూపును ముందు గుఱి మీద నిలిపి, లక్ష్యమును కొంచెము మసకగా నుండనిచ్చుట ఈ విద్యలో మొదటి పాఠము.

ద్రోణాచార్యులు పరీక్షించినపుడు అర్జునుడు పక్షిని తప్ప మఱేమియు జూడలేదను కథ మనకు ఉగ్గుబాలతో వచ్చినది. తుపాకి విద్యలో మాత్రము పక్షిని మసకగా నుంచి బాణపు మొనను తేటగా జూడవలయును. ఇందులకు లెక్క గలదు. చూపు లక్ష్యము మీద నిలిచి ముందు గుఱి మసకబాఱినచో, అది వెనుక గుఱి నడుమ వెండ్రుకవాసి తొలగినను కంటికి దెలియదు. ఆ వెండ్రుకవాసియే నూఱు గజముల దూరమున ఎన్నో రెట్లు పెద్దదగును. లక్ష్యము కొంచెము మసకబాఱినను దాని నడిమి చోటును కన్ను చక్కగానే పోల్చుకొనగలదు. కావున మంచి ముందు గుఱి యనగా, కంటికి సులువుగా చిక్కి, స్పష్టమైన యంచు గలిగి, లక్ష్యమును కప్పివేయనిది.

వెనుక గుఱి రంధ్రరూపమున నుండుట ఇందుకు మిక్కిలి తోడ్పడును. సన్నని రంధ్రముగుండ జూచినపుడు దగ్గఱివియు దూరపువియు గూడ కొంత తేటపడును. కంటియద్దములు లేనపుడు పిడికిలి సందుగుండ చిన్నయక్షరములు చదువు పెద్దవారిని జూచినవారికి ఈ మర్మము తెలిసియే యుండును. 1879లో విలియం లైమను ఇట్టి రంధ్రపు గుఱికి పేటెంటు పొందెను. దానిని తుపాకి మెడమీద, కంటికి చేరువగా బిగింతురు.

ముందు గుఱులలో విధములు

మొదటిది పలక. సన్నని లోహపు ముక్క, పైయంచు కొంచెము గుండ్రముగా నుండును. పాత తుపాకులతో వచ్చునది ఇదియే. దృఢమైనది, చవుకైనది; కాని గుండ్రని పైయంచు ఎచట ముగిసినదో కంటికి నిశ్చయముగా దెలియకపోవుటచే ఎత్తుపల్లములలో తేడా వచ్చును.

రెండవది బొట్టు. సన్నని కాడ చివర గుండ్రని పూస యుండును. ఇంగ్లీషున బీడందురు. ఇత్తడిది, తెల్లనిది, బంగారు వన్నెది, ఇట్లు పలురకములు గలవు. నొసటి బొట్టు వలె చప్పున కంటికి దగులును. దగ్గఱ నున్న పెద్ద పలకలను త్వరత్వరగా గొట్టు కౌబాయి పోటీలకు ఇది మేలు. కాని ఇందొక లోపము గలదు. ఎండ ఎడమ వైపునుండి పడినచో పూస యెడమ చెక్కిలి మాత్రమే మెఱయును. కన్ను ఆ మెఱుపునే పూస నడుమయని భ్రమించి, దానినే లక్ష్యము మీద నుంచును. అపుడు గుండు కుడివైపునకు పోవును. ఉదయము బాగుగా తగిలినది సాయంకాలము ప్రక్కకు పోవుచున్నదని వగచువారు ముందుగా సూర్యుడెటు నున్నాడో చూచుకొనవలయును.

మూడవది స్తంభము. నలుపలకల కంబము వలె నిలిచి, పైయంచు కత్తితో గోసినట్లు సమముగా నుండును. పోస్టు అని వ్యవహారము. కంబము పైయంచు మీద లక్ష్యము, పీటమీద చెంబు వలె గూర్చుండును. ఎత్తును నిర్ణయించుటలో దీనికి సాటి లేదు. కోడి, పొట్టేలు మొదలగు ఇనుప బొమ్మలకు గుండ్రని ఆకారము లేదు గనుక వానికి కంబమే యనుకూలము.

నాల్గవది వలయము. చిన్న గొట్టములో మార్చుటకు వీలగు పలుచని రేకులు దూర్చుదురు; ఒక రేకులో వలయము, ఒక దానిలో కంబము, మఱియొక దానిలో బొట్టు ఉండును. గొట్టము ఎండను అడ్డగించుటచే మెఱపుల బాధ తగ్గును. వలయముగుండ నల్లని చుక్కను జూచినపుడు చంద్రునికి గుడి కట్టినట్లుండును. నడుమ నల్లని బింబము, చుట్టును తెల్లని పరివేషము. ఆ తెలుపు అన్ని వైపుల సమముగా నున్నదా లేదా యని పోల్చుటలో కన్ను మిక్కిలి నేర్పరి. కాగితము మీది గుండ్రని చుక్కకు ఇంతకంటె మంచి గుఱి లేదు. కాని ఇనుప పొట్టేలుకు గుడి కట్టుట యెట్లు? కావున వలయము గుండ్రని లక్ష్యమునకే తగును.

అయిదవది వెలుగు పుల్ల. ఎఱ్ఱని లేక పచ్చని గాజు వంటి సన్నని కడ్డీ పగటి వెలుగును గ్రహించి కొనయందు దీపము వలె మెఱయును. అడవిలో మసక వెలుతురున వేటాడువారికి ఇది ఉపకరించును. కాని నిలుకడగా చుక్కను గొట్టువారికి ఆ మెఱుపు అంచులు దాటి వ్యాపించి, గుఱి యసలు పరిమాణమును మఱుగు పఱచును. అంగడిలో కంటికి మిక్కిలి ఇంపుగా నుండునది ఇదియే గాన, కొనువారు మోసపోగూడదు.

వెడల్పు లెక్క

తుపాకిని భుజమున నానించినపుడు కంటికిని ముందు గుఱికిని నడుమ ఇంచుమించుగా ఒక గజము దూరముండును. ఇది గుర్తుంచుకొన్నచో లెక్క సులభము. గజము దూరమున ఎంత వెడల్పు గల ముక్క, నూఱు గజముల దూరమున దానికి నూఱు రెట్లు వెడల్పును కప్పును. తఱచుగా దొరకు బొట్లలో చిన్నది 1.6 మిల్లీమీటర్లు, అది నూఱు గజములలో 16 సెంటీమీటర్లను, ఏబది గజములలో 8 సెంటీమీటర్లను గప్పును. పెద్దది 2.4 మిల్లీమీటర్లు; అది నూఱు గజములలో 24 సెంటీమీటర్లను మఱుగు పఱచును. లక్ష్యమందలి నల్లని చుక్క 15 సెంటీమీటర్లే యైనచో, పెద్ద బొట్టు వెనుక అది గ్రహణము పట్టిన చంద్రుని వలె మాయమగును. కొట్టవలసిన దానినే కప్పివేయు గుఱితో కొట్టుటెట్లు?

అట్లని మిక్కిలి సన్ననిదియు మంచిది కాదు. సన్నని కంబమును వెదకుటలోనే కన్ను అలసిపోవును. వెలుతురు తగ్గినచో అది అసలే కనబడదు. కంబము చుక్క యంత వెడల్పుగానో, అంతకు కొంచెము హెచ్చుగానో కనబడినచో కంటికి సుఖము. చుక్కను కంబము మీద గూర్చుండబెట్టుదుము గాని దాని వెనుక దాచము గనుక వెడల్పు వలన ఇచట నష్టము లేదు. వెనుక గుఱి గాడియైనచో, ఆ గాడిలో కంబమున కిరుప్రక్కల సన్నని వెలుతురు చాఱలు సమముగా కనబడవలయును. చాఱలు లేకున్న నడుమను పోల్చుటకు ఆధారము పోవును.

వలయపు రంధ్రమునకు వేఱు లెక్క. నల్లని చుక్క కంటికి ఎంతగా కనబడునో దానికి ఒకటింబావు మొదలు ఒకటిన్నర రెట్లు రంధ్రముతో మొదలిడుట మంచిది. నూఱు గజములలో 14 సెంటీమీటర్ల చుక్క, ముందు గుఱి దగ్గఱ 1.4 మిల్లీమీటర్లుగా దోచును. దానికి 2 మిల్లీమీటర్ల రంధ్రము సరిపోవును. క్రొత్తగా నేర్చుకొనువారు బిగువు వలయమునే కోరుదురు. తెల్లని పరివేషము మఱీ సన్నమైనచో, తుపాకి యే మాత్రము కదలినను అది చెదరిపోవుచు మనస్సును కలవరపఱచును. వ్రేలు తొందరపడి ట్రిగ్గరును గుంజును. సందేహము కలిగినపుడు కొంచెము పెద్ద రంధ్రమే తీసికొనుడు.

ఎత్తు లెక్క

ముందు గుఱి యెత్తు విషయములో పలువురు తికమకపడుదురు. వెనుక గుఱిని పైకెత్తినచో గుండు పైకి పోవును. ముందు గుఱి యెత్తైనచో గుండు క్రిందికి పోవును. ఏలయన, ఎత్తైన ముక్కను వెనుక గుఱితో సమముగా దెచ్చుటకు గొట్టపు కొనను దింపవలసి వచ్చును. గుండు పైగా పోవుచున్నచో ముందు గుఱి ఎత్తు పెంచవలయును. క్రిందుగా పోవుచున్నచో తగ్గింపవలయును.

ఎంత యను దానికి ఒక సూత్రము గలదు. గుండు తప్పిన కొలతను రెండు గుఱుల నడిమి దూరముతో హెచ్చవేసి, లక్ష్యపు దూరముతో భాగింపవలయును. గుఱుల నడుమ 60 సెంటీమీటర్లు, లక్ష్యము 50 మీటర్లు, అనగా 5000 సెంటీమీటర్లు, గుండు 5 సెంటీమీటర్లు పైకి పోయినదనుకొందము. 5ను 60తో హెచ్చవేసిన 300. దానిని 5000తో భాగించిన 0.06 సెంటీమీటరు. అనగా ముందు గుఱి 0.6 మిల్లీమీటరు ఎత్తుగా నుండవలయును. గోటి మందమంత ముక్క గుండును ఎంత దూరము కదల్చుచున్నదో చూచితిరా!

కొనునపుడు కావలసినదానికంటె కొంచెము ఎత్తైనదే కొని, ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి, మాటిమాటికి గుండు వేసి చూచుకొనవలయును. రవికె గుడ్డను పొడవుగా కత్తిరించినచో మడిచి కుట్టవచ్చును. పొట్టిగా కత్తిరించినచో అతుకే గతి. ఇది కుట్టుపని తెలిసినవారికి మేము చెప్పవలసినది కాదు. పూసకు, వెలుగు పుల్లకు మాత్రము ఆకురాయి పనికిరాదు. వానిని సరియైన యెత్తుననే కొనవలయును. ఈ ముక్కలు చాలవఱకు గొట్టము మీది వాలు గాడిలో అడ్డముగా దూరి బిగిసియుండును. వానిని కదల్చుటకు ఇత్తడి కడ్డీని ఆనించి మెల్లగా తట్టవలయును. ఉక్కుతో గొట్టినచో నొక్కులు పడును.

కాటుక యుపాయము

నల్లని ముక్క మీద గూడ వాడుకవలన నునుపెక్కి మెఱపు వచ్చును. పూర్వపు నిపుణులు దీనికి కనిపెట్టిన మందు మన యింటిదే; అది మసి. దీపపు పొగను గుఱి మీద పట్టించినచో మెఱుపు లేని గాఢమైన నలుపు పట్టును. ఆముదపు దీపముమీద రాగిపళ్ళెము బోర్లించి కాటుక పట్టు మన పద్ధతియు, వారి కార్బైడు దీపపు పద్ధతియు ఒక్కటియే. అయితే మన కాటుక కంటికి. వారి కాటుక గుఱికి. పొగ పట్టునపుడు తుపాకి ఖాళీగా నుండవలయును. తూటాలును, తుపాకిమందును దీపము దరిదాపుల నుండగూడదు.

చత్వారము వచ్చినవారికి

నలువది దాటినపిమ్మట కంటిలోని కటకము బిగిసి, దగ్గఱి వస్తువులపై చూపు నిలుచుట కష్టమగును. దీనినే మనవారు చత్వారమందురు. బియ్యములో రాళ్ళు ఏఱుటకు పళ్ళెమును దూరముగా బట్టుకొను వయస్సిది. ఈ వయస్సున ముందు గుఱి అంచులు కరగుట మొదలిడును, గుండ్లు చెదరిపోవును, "చేయి వణకుచున్నది, ఇక చాలు" అని పలువురు తుపాకిని మూలబెట్టుదురు. తప్పు చేతిదికాదు. చదువుకొను అద్దములు ఇచట పనికిరావు. అవి మూరెడు దూరమునకు జేసినవి, ముందు గుఱి గజము దూరమున నున్నది. రెండు భాగముల అద్దములైనచో, గడ్డము పైకెత్తిన గాని క్రింది భాగముగుండ చూపు పాఱదు. తల కదలినచో గుఱియు కదలును.

ఇట్టివారు ఇంటివద్ద కంటినుండి ముందు గుఱికి గల దూరమును మఱియొకరిచే కొలిపించి, ఆ కొలతను కంటి వైద్యునికి తెలుపవలయును. దూరపు చూపునకు వలసిన అద్దమునకు 0.50 మొదలు 0.75 డయాప్టరు వఱకు కూడినచో సామాన్యముగా గుఱి తేటపడును. లక్ష్యమును మఱీ మసకబాఱదు. దానితోడు వెనుక రంధ్రపు గుఱిని బిగించి, ముందు సన్నని పూసను దీసివేసి వెడల్పైన కంబమునో, వలయమునో అమర్చుకొనవలయును. వలయమునకు చత్వారముతో మైత్రి యెక్కువ. దాని యంచు కొంచెము మసకబాఱినను గుడి గుడిగానే యుండును, నడుమ మాత్రము మాఱదు. ఇంత చిన్న మార్పుతో పదియేండ్ల విద్య చేజాఱకుండ నిలుచును.

పరీక్షించు విధము

ఇతరుల మాటపై గొనుట కంటె పరీక్షించి తేల్చుకొనుట మేలు. మార్చు రేకులు గల గొట్టపు గుఱి యొక్కటి యుండినచో ఈ పరీక్షకు ఖర్చు తక్కువ. ఒకే రకపు తూటాలతో, ఒకే దూరమున, ఆనిక మీద తుపాకి నుంచి, ఒక రేకుతో అయిదు గుండ్లును, వేఱొక రేకుతో అయిదు గుండ్లును వేయుడు. పిమ్మట వరుస మార్చి మఱల వేయుడు. లేకున్న అలసట యంతయు రెండవ రేకు మీదనే పడి, దానికి అన్యాయము జరుగును. గుండ్లు చుక్క నడుమ దగిలినవా యని కాక, ఒకదానికొకటి ఎంత దగ్గఱగా దగిలినవో కొలువుడు. నడుమకు దెచ్చుట తరువాతి పని. గుంపు చిన్నదగుట గుఱి మంచిదనుటకు సాక్ష్యము. అదే పరీక్షను ప్రొద్దుననొకమాఱు, సాయంకాలమొకమాఱు చేసినచో వెలుతురు తంత్రమును బయటపడును. కొన్ని పోటీలలో ముందు గుఱి యాకారమును గూడ నియమములే నిర్ణయించును గనుక, సొమ్ము చెల్లించుటకు ముందే నియమావళిని చదువవలయును.

జాగ్రత్తలు

గుఱిని ముట్టుకొనుటకు ముందు తుపాకి ఖాళీయని కంటితో జూచి తెలిసికొనవలయును. లీవరు తుపాకిలో తూటాలు గొట్టము క్రింది నాళికలో కనబడకుండ దాగియుండును. ఒక్కమాఱు మీట లాగినంత మాత్రమున ఖాళీ యగునని నమ్మరాదు. ఆ నాళికలో తూటాలు ఒకదాని వెనుక నొకటి నిలుచుటచే, గట్టి మొన గల గుండ్లు వాడినచో వెనుకటి మొన ముందు తూటా అడుగును బొడిచి ప్రేలవచ్చును. అందుచే చదునైన మొన గలవానినే వాడుదురు. గొట్టము ఎన్నడును మనుష్యుని వైపు తిరుగరాదు. కాల్చు క్షణము వచ్చువఱకు వ్రేలు ట్రిగ్గరును తాకరాదు. చెవులకు, కన్నులకు రక్షణ తప్పనిసరి. తుపాకియు తూటాలును వేఱువేఱుగా, పిల్లల చేతికందకుండ తాళము వేసి యుంచవలయును. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి అనుమతిపత్రము లేనిదే ఇట్టి తుపాకి నుంచుకొన రాదు; నేర్చుకొన గోరువారు రైఫిలు క్లబ్బులలో గురువు చెంత మొదలిడుటయే మార్గము.

సోదరీమణులారా! గుండ్రని చుక్కకు వలయము, ఇనుప బొమ్మకు కంబము, దగ్గఱి పలకకు బొట్టు. కన్ను ముదిరినకొలది వెడల్పును, స్పష్టతయు. మేము చెప్పినదాని సారమింతే. ఇంతకు మించి మనస్సున నుంచుకొనవలసినది యొకటి గలదు. పని చెడినపుడు కన్నీరు పెట్టుకొనుటకు ముందు పనిముట్టును ఒక్కమాఱు వెలుతురులో పట్టి చూడుడు. దోషము దానిదైనచో మార్చుకొనవచ్చును. మనదైనచో అభ్యాసముతో దీర్చుకొనవచ్చును. ఏది యెవరిదో తెలియనంతవఱకే నిరాశకు చోటు.